సముద్రతీరం నుంచి ఇసుక దారికి: అద్దె మోటారు సైకిల్‌పై ఎడారి యాత్ర

విశాఖపట్నానికి ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు తూర్పు కనుమలు ఉన్నాయే తప్ప ఎడారి అనదగిన నేల దరిదాపుల్లో ఎక్కడా లేదు. అయినా ఈ నగరపు రైల్వే స్టేషను నుంచి బయలుదేరే వారపు ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో ఒకటి రాజస్థాన్‌లో జోధ్‌పూర్ శివారున ఉన్న భగత్ కీ కోఠీ దాకా, మరొకటి గుజరాత్‌లోని గాంధీధామ్ దాకా వెళ్తాయి. మొదటి స్టేషను థార్ ఎడారికి వాకిలి కాగా, రెండోది కచ్ ఉప్పు ఎడారికి వాకిలి. భీమిలి బీచ్ రోడ్డు మీద, అనంతగిరి ఘాట్ మలుపుల మీద బండి నడిపి చెయ్యి తిరిగిన విశాఖ యువతకు ఈ రెండు రైళ్ళు ఒక కొత్త అవకాశం కల్పిస్తున్నాయి: సొంత బండిని దేశానికి అడ్డంగా నడుపుకుంటూ పోకుండా, రైలు దిగినచోటే ఒక టూరింగ్ మోటారు సైకిల్‌ను అద్దెకు తీసుకొని, వారం పది రోజులు ఎడారి చూసి, బండి అప్పగించి తిరిగి రావచ్చు. ఇలాంటి యాత్ర తలపెట్టినవారు సాధారణంగా ఇసుక తిన్నెల గురించి, ఫొటోల గురించి ముందుగా ఆలోచిస్తారు. కానీ యాత్ర క్షేమంగా సాగడం అంతకంటే ఎక్కువగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి అద్దె బండి కాగితాలు, రెండోది నడిపేవారి ఒంట్లోని నీరు.

టూరింగ్ మోటారు సైకిల్ అంటే దూరప్రయాణానికి తగినట్టు తయారుచేసిన బండి. రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చే బండిలో మైలేజీకి, తేలికదనానికి పెద్దపీట వేస్తారు. టూరింగ్ బండిలోనైతే రోజుకు 300 కిలోమీటర్లు కూర్చున్నా నడుము పట్టేయని సీటుకు, పెద్ద పెట్రోలు ట్యాంకుకు, సామాను గట్టిగా కట్టుకోగల క్యారియరుకు ప్రాధాన్యం ఇస్తారు. ఇందులోనే గతుకులకూ మట్టిబాటలకూ తట్టుకునే రకాన్ని అడ్వెంచర్ టూరింగ్ బండి అంటారు. దీని ముందు చక్రం పెద్దదిగా ఉంటుంది, చక్రాలకు చాలావరకు ఊచలుంటాయి, సస్పెన్షన్ ఎక్కువ దూరం కదులుతుంది, ఇంజను అడుగుభాగానికీ నేలకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో ఈ రకాన్ని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చిన బళ్ళలో ముఖ్యమైనది 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. 411 సీసీ ఇంజను, 15 లీటర్ల ట్యాంకు, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఆ బండి స్థానంలో 2023లో 452 సీసీ, 17 లీటర్ల ట్యాంకు గల కొత్త హిమాలయన్ వచ్చింది. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారుచేసిన బుల్లెట్ సైన్యంలోనూ పోలీసు శాఖలోనూ పేరు తెచ్చుకున్నది కాబట్టి, ఆ కంపెనీ బళ్ళకు సరిహద్దు ప్రాంతాలు కొత్తవేమీ కావు.

బండి ఎంపికలో ఇంజను పరిమాణం కంటే బరువును ముందు చూడడం మేలు. ఇసుక మేట వేసిన చోట ఎంత జాగ్రత్తగా నడిపినా బండి ఒకసారైనా పక్కకు ఒరుగుతుందని అనుకొనే బయలుదేరాలి. పడిన బండిని సాయం దొరకని చోట ఒక్క మనిషే లేపుకోవాలి. సామాను లేకుండానే రెండు వందల కిలోలకు దగ్గరగా ఉండే బండిని మెత్తటి ఇసుకలో లేపడం ఎంత కష్టమో అనుభవం ఉన్నవారందరికీ తెలుసు. అందుచేత థార్ ప్రాంతపు తారురోడ్లకు 200 నుంచి 450 సీసీ మధ్య బళ్ళు చాలు. అంతకు మించినవి అద్దెకు దొరికినా, తొలిసారి వెళ్ళేవారికి వాటి బరువు భారమే అవుతుంది. పెట్రోలు విషయంలోనూ పెద్ద ఇంజను అవసరం కనిపించదు. లీటరుకు 28 కిలోమీటర్లు ఇచ్చినా 15 లీటర్ల ట్యాంకు 400 కిలోమీటర్లు పైగా తీసుకెళ్తుంది. జైసల్మేర్ నుంచి సరిహద్దున ఉన్న తనోట్ దాదాపు 120 కిలోమీటర్లు. ట్యాంకు నింపుకొని బయలుదేరితే వెళ్ళి రావడానికి ఇబ్బంది ఉండదు. అయినా సగం ట్యాంకు ఖాళీ కాగానే తర్వాత కనిపించిన బంకులో నింపుకోవడం ఎడారి దారిలో పాటించవలసిన నియమం, ఎందుకంటే ఆ తర్వాతి బంకులో పెట్రోలు నిండుకొని ఉండవచ్చు.

విశాఖలోనే బండి అద్దెకు తీసుకొని వెళ్ళవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. నగరంలో అద్దె బళ్ళు దొరుకుతాయి, అరకుకో లంబసింగికో వెళ్ళి రావడానికి అవి చక్కగా సరిపోతాయి. కానీ రాజస్థాన్ దాకా నడుపుకుంటూ పోతే ఎడారి మొహం చూడకముందే రానూపోనూ వారానికి పైగా గడిచిపోతుంది, ఆ రోజులన్నిటికీ అద్దె కట్టాలి, అలసట అదనం. బండిని రైల్లో పార్సిల్ చేద్దామంటే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెపట్టాతో చుట్టించాలి, రిజిస్ట్రేషన్ కాగితం నకలు, గుర్తింపు పత్రం చూపించాలి. ఆ కాగితంలో ఉన్న పేరు అద్దెకిచ్చిన యజమానిది కాబట్టి అతని అనుమతి పత్రం లేకుండా పార్సిల్ ఆఫీసులో పని జరగదు. అన్నిటికంటే ముఖ్యంగా, బార్మేర్ దారిలో క్లచ్ వైరు తెగితే విశాఖలో ఉన్న యజమాని చేయగలిగింది ఏమీ ఉండదు, జోధ్‌పూర్ యజమాని అయితే మెకానిక్‌ను పంపగలడు. ఎడారికి దగ్గరలో బండి తీసుకోవడమే సరైన పద్ధతి అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక కాగితాల సంగతి. మోటారు సైకిళ్ళను అద్దెకివ్వడం మన దేశంలో ఎవరిష్టం వచ్చినట్టు వారు చేసే వ్యాపారం కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 75వ సెక్షన్ ఇచ్చిన అధికారంతో కేంద్ర ప్రభుత్వం 1997లో మోటారు సైకిళ్ళ అద్దె పథకాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ఈ వ్యాపారం చేయదలచినవారు రవాణా శాఖ నుంచి లైసెన్సు పొందాలి, వారి దగ్గర కనీసం 5 మోటారు సైకిళ్ళు ఉండాలి, ఆ బళ్ళకు రవాణా వాహనాలుగా పర్మిట్, బీమా ఉండాలి. అలా నమోదైన బండిని గుర్తుపట్టడం తేలిక: నంబరు ప్లేటు నలుపు రంగులో, అక్షరాలు పసుపు రంగులో ఉంటాయి. సొంత వాడకానికి నమోదైన బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. పర్యాటక పట్టణాల్లో తెల్ల ప్లేటు బళ్ళను కూడా తక్కువ అద్దెకు ఇచ్చేవారు ఉంటారు. ఆ తగ్గింపు ధర వెనుక ఉన్న నష్టం చాలామందికి ప్రమాదం జరిగాకే తెలుస్తుంది.

ఆ నష్టం బీమాకు సంబంధించినది. సొంత వాడకపు బండి బీమా పత్రంలో వాడకానికి కొన్ని హద్దులు రాసి ఉంటాయి, అద్దెకు లేదా ప్రతిఫలానికి ఇవ్వరాదన్నది వాటిలో మొదటిది. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకొని నడుపుతుండగా ప్రమాదం జరిగితే, బండికి జరిగిన నష్టాన్ని చెల్లించడానికి బీమా కంపెనీ నిరాకరించవచ్చు. ఎదుటివారికి గాయాలైన సందర్భంలో ముందు పరిహారం చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశించిన సందర్భాలు ఉన్నాయి. యజమాని ఆ భారాన్ని ఎవరి మీదికి నెట్టజూస్తాడో ఊహించడం కష్టం కాదు.

నల్ల ప్లేటు ఉన్నంత మాత్రాన నడిపేవారికి పూర్తి రక్షణ ఉన్నట్టు కూడా కాదు. మన బీమా పత్రాల్లో 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా అని కనిపించేది యజమాని స్వయంగా నడిపినప్పుడు అతనికి వర్తించేది. అద్దెకు తీసుకున్నవారు యజమాని కారు, బయటివారూ కారు. ఎరువు తెచ్చుకున్న మోటారు సైకిల్‌పై వెళ్తూ ప్రమాదంలో చనిపోయిన వ్యక్తి యజమాని స్థానంలోకి వచ్చినట్టేనని, కాబట్టి అతని కుటుంబం తప్పు నిరూపణతో పనిలేని పరిహారాన్ని ఆ బండి బీమా నుంచి కోరలేదని 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఈ లోటును పూడ్చుకోవడానికి ఉన్న మార్గం, యాత్రకు ముందే తమ పేరిట విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా, ఆరోగ్య బీమా తీసుకోవడం. వాటి ప్రీమియం రెండు రోజుల హోటల్ గది ఖర్చుతో పోల్చినా పెద్దదేమీ కాదు, అయినా యాత్రకు సిద్ధమయ్యేవారు కొనే వస్తువుల పట్టీలో దాదాపు ఎప్పుడూ చివరన ఉండేది ఇదే. జాకెట్టుకు, కెమెరాకు పెట్టే డబ్బులో కొంత దీనికి మళ్ళిస్తే ఇంట్లోవాళ్ళకు అంతకు మించిన మేలు ఉండదు.

ఒప్పంద పత్రం మీద సంతకం చేసేముందు చదవవలసిన షరతులు కొన్ని ఉన్నాయి. రోజుకు ఇన్ని కిలోమీటర్లు అన్న పరిమితి ఉందా, దాటితే కిలోమీటరుకు ఎంత కట్టాలి, బండిని ఏయే రాష్ట్రాల్లో నడపవచ్చు, దారిలో ఆగిపోతే తీసుకొచ్చే ఖర్చు ఎవరిది, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు అన్నవి రాతలో ఉండాలి. ఇసుక తిన్నెల మీదికి బండి ఎక్కించరాదని చాలామంది యజమానులు షరతు పెడతారు. అది న్యాయమైనదే, ఎందుకంటే తిన్నెల మీద ఒక గంట చక్రం గిరగిర తిరిగితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. ఒరిజినల్ ఆధార్ కార్డును గానీ డ్రైవింగ్ లైసెన్సును గానీ హామీగా ఉంచుకుంటామంటే ఒప్పుకోకూడదు, లైసెన్సు వెంట లేకుండా బండి నడపడం మరో చిక్కు తెచ్చిపెడుతుంది.

బండిని పగటి వెలుతురులో, తొందర లేకుండా, కనీసం అరగంట పరిశీలించాలి. టైరు పక్కభాగంలో అచ్చు వేసిన నాలుగు అంకెలు దాని పుట్టిన తేదీ: 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా కనిపించినా అయిదేళ్ళు దాటిన టైరును ఎడారి వేడిలోకి తీసుకెళ్ళకపోవడం మంచిది, రబ్బరు గట్టిపడి అంచుల్లో సన్నని పగుళ్ళు వస్తాయి. ముందు ఫోర్కు గొట్టాన్ని వేలితో తడిమినప్పుడు నూనె జిడ్డు అంటితే సీలు పోయినట్టే. చైనును రెండు పళ్ళ చక్రాలకూ నడుమ కిందికీ పైకీ కదిపి చూడాలి, మరీ బిగువుగా ఉన్నా మరీ వేలాడుతున్నా సరిచేయించాలి. ఎయిర్ ఫిల్టర్, అంటే ఇంజనులోకి వెళ్ళే గాలిని వడకట్టే జల్లెడను, తమ ఎదుటే విప్పించి చూడమని అడగడానికి మొహమాటపడకూడదు. గోధుమపిండి కంటే మెత్తగా ఉండే థార్ ధూళి ముందుగా చేరేది అక్కడే. విశాఖలో బండికి శత్రువు ఉప్పుగాలి, అది లోహాన్ని తుప్పు పట్టిస్తుంది కాబట్టి ఇక్కడివారికి చైనుకు ధారాళంగా నూనె పట్టించే అలవాటు ఉంటుంది. ఎడారిలో ఆ అలవాటు ఎదురుతిరుగుతుంది. తడి నూనెకు ఇసుక అంటుకొని చైనును అరగదీస్తుంది. అక్కడ చైనును రోజూ బట్టతో తుడిచి, పైన జిడ్డు మిగలకుండా పలచగా మాత్రమే పట్టించాలి. ఊచల చక్రాలకు చాలావరకు ట్యూబు టైర్లే ఉంటాయి కాబట్టి ఒక ట్యూబు, టైరు విప్పే పనిముట్లు, గాలి పంపు, అదనపు క్లచ్ వైరు వెంట ఉండాలి. చివరగా, బండి మీద ఉన్న ప్రతి గీతనూ సొట్టనూ యజమాని ఎదుటే వీడియో తీయడం, ఓడోమీటరు అంకెతో సహా తీయడం, తిరిగి అప్పగించేటప్పుడు వచ్చే తగవుల్ని ముందే తీర్చేస్తుంది.

రెండో విషయం నీరు. దీని గురించి తీరప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం ఉంది. విశాఖలో ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే; ఎండాకాలంలో ఒంటికి పట్టిన చెమట ఆరక చొక్కా తడిసి ముద్దవుతుంది. ఆ తడే మనిషిని హెచ్చరిస్తుంది, నీళ్ళు తాగమంటుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జైసల్మేర్ ప్రాంతంలో గాలి ఎండుగా ఉంటుంది, దానికి తోడు బండి వేగానికి చెమట పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు, కాబట్టి చెమట పట్టడం లేదని నడిపేవారు పొరబడతారు. నిజానికి గంటకు లీటరుకు దగ్గరగా నీరు ఒంటిలోంచి పోతూ ఉండవచ్చు. విశాఖ ఉక్కపోతను తట్టుకున్నవాడికి ఏ వేడైనా లెక్కలేదన్న ధీమాతో వెళ్ళినవారే ఎడారిలో ముందుగా సొమ్మసిల్లుతారు.

చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకు ఎదురుగాలి ఒంటిని చల్లబరుస్తుంది. అంతకు మించి వేడెక్కిన గాలి ఒంటికి వేడిని చేరుస్తుంది, చెమట ఆవిరైనప్పుడు మాత్రమే కొంత ఉపశమనం. అందువల్ల 40 డిగ్రీల ఎండలో జాకెట్టు విప్పి, చేతులు ఎండకు వదిలి నడపడం హాయిగా అనిపించినా హాని చేస్తుంది. నిండు చేతుల జాకెట్టు, లోపల తడిపిన నూలు బనియను, మెడకు తడిగుడ్డ ఉంటే ఆ నీరు నెమ్మదిగా ఆవిరవుతూ ఒంటిని కాపాడుతుంది. రాజస్థానీ పల్లెవాసులు తలకు పెద్ద పాగా చుట్టి ఒళ్ళంతా కప్పుకోవడంలో ఉన్న విజ్ఞానమూ ఇదే. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి అరగంటకూ కొన్ని గుక్కలు తాగాలి, రోజులో ఒకటి రెండుసార్లు ఓఆర్ఎస్ పొడిని పొట్లం మీద చెప్పిన కొలత నీళ్ళలో కలుపుకొని తాగాలి, ఎందుకంటే చెమటతో లవణాలు కూడా పోతాయి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీరు చాలడం లేదని గుర్తు. మాట తడబడడం, దారి తోచకపోవడం, ఒళ్ళు కాలిపోతూ ఉండడం వడదెబ్బ లక్షణాలు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిన ఆ స్థితిలో నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి తగిలేలా చేసి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. జోధ్‌పూర్‌కూ జైసల్మేర్‌కూ మధ్య ప్రాంతంలోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. ఏప్రిల్ నుంచి జులై వరకు అక్కడ బండి యాత్ర తలపెట్టకపోవడమే వివేకం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పగలు హాయిగా ఉంటుంది, కానీ జనవరి తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి ఉంటుంది కాబట్టి ఉన్ని దుస్తులు, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి.

దారి విషయానికి వస్తే, జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు. అణుపరీక్షలతో పోఖ్రాన్ పేరు 1974లోనూ 1998లోనూ ప్రపంచమంతా మారుమోగింది. జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక తిన్నెలు, ఉత్తరాన రామ్‌గఢ్ దాటాక 1971 డిసెంబరు యుద్ధంలో పోరు జరిగిన లోంగేవాలా, ఆపైన తనోట్ మాత గుడి ఉన్నాయి. సైన్యపు అవసరాల కోసం వేసిన ఈ రోడ్లు నున్నగా, తిన్నగా ఉండి వేగాన్ని రెచ్చగొడతాయి, ప్రమాదం అక్కడే ఉంది. గాలికి కొట్టుకువచ్చిన ఇసుక తారు మీద అడ్డంగా మేట వేసి ఉంటుంది, మధ్యాహ్నపు ఎండలో రోడ్డు రంగులో కలిసిపోయి దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. అలాంటి చోట ముందు బ్రేకు నొక్కితే బండి జారిపోతుంది. ముందుగానే వేగం తగ్గించుకొని, ఇసుకలో ఉన్నంతసేపు బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టకుండా, చూపు దూరంగా నిలిపి ఒకే వేగంతో దాటాలి. సాయంత్రం పూట వెచ్చని తారు మీదికి ఒంటెలు, ఆవులు, నీల్‌గాయ్‌లు చేరతాయి, కాబట్టి పొద్దుగూకాక నడపకూడదు. సమ్ చుట్టుపక్కల ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కు బట్టమేక పక్షికి చివరి ఆశ్రయాలలో ఒకటి. మన కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో ఒకప్పుడు ఆ పక్షి కోసమే అభయారణ్యం ఏర్పాటైందని తెలిసిన తెలుగువారు, గుర్తించిన బాట వదిలి ఆ గడ్డిమైదానాల్లోకి బండి దింపరు.

కచ్ వైపు వెళ్ళేవారికి గాంధీధామ్ నుంచి భుజ్ దాదాపు 60 కిలోమీటర్లు. ధోర్డో దగ్గరి తెల్లని రణ్‌లోకి, అంటే ఉప్పు ఎడారిలోకి, వెళ్ళడానికి అనుమతి పత్రం కావాలి. ఖావడా నుంచి ధోలావీరాకు రణ్ మధ్యగా కొత్తగా వేసిన రోడ్డు అద్భుతమైనది. 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన సింధు నాగరికత నగరం దాని చివరన ఉంది. అక్కడ పాటించవలసిన జాగ్రత్త ఒక్కటే, రోడ్డు దిగి ఉప్పు మీదికి వెళ్ళకూడదు: పైన కనిపించే తెల్లని పొర పలచనిది, కింద బురద ఉంటుంది, అందులో దిగబడిన బండిని ట్రాక్టరు లేకుండా బయటికి తీయడం సాధ్యం కాదు.

అమెరికాలోని మొజావే ఎడారికో గల్ఫ్ దేశాలకో వెళ్ళి అక్కడి బంధువులతో కలిసి ఇలాంటి యాత్ర చేసే తెలుగువారికి మరో కాగితం అవసరమవుతుంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇక్కడి రవాణా శాఖ కార్యాలయమే ఏడాది గడువుతో ఇస్తుంది, కానీ లైసెన్సులో గేర్లున్న మోటారు సైకిల్ విభాగం ఉంటేనే ఆ పర్మిట్ మోటారు సైకిల్‌కు పనికొస్తుంది. కారు లైసెన్సు మాత్రమే ఉన్నవారికి పర్మిట్ చేతిలో ఉన్నా అద్దె సంస్థ బండి ఇవ్వదు.

బయలుదేరే ముందు రెండు మూడు వారాలు సామాను కట్టిన బండితో నడపడం సాధన చేయాలి. అరకు ఘాట్‌లో తెల్లవారుజామున వెళ్ళి వస్తే బరువున్న బండి మలుపుల్లో ఎలా ఒరుగుతుందో తెలుస్తుంది, పల్లెల్లోని మట్టిబాటల మీద వదులు నేల అలవాటవుతుంది. అయితే ఇసుక సాధన కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీదికి బండి ఎక్కించే ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోవాలి. వేల ఏళ్ళపాటు గాలీ నీరూ కలిసి పోగుచేసిన ఆ ఎర్ర ఇసుక దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. చక్రం చేసిన గాడిలో వాననీరు పారి, ఆ గాడి ఏడాదికేడాది లోతవుతుంది. ఎడారి చూడాలన్న కోరిక ఉన్నవారు రైలెక్కి ఎడారికే వెళ్ళాలి, దిబ్బలను కాలినడకన చూడాలి.